కొత్త కెమెరా: ఫొటోలో కుడి పక్క మసక, జూమ్ మధ్యలో ఎర్రర్. తప్పు బాడీదా, లెన్స్‌దా?

దూరపుకొండలు:

నమస్తే అండీ. కొత్తగా కొన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఇబ్బంది పెడుతోంది. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (బొమ్మ పడే సెన్సర్ మధ్యరకం సైజుది) బాడీ, అదే పెట్టెలో వచ్చిన 18-55 మి.మీ. ఎఫ్/3.5-5.6 జూమ్ లెన్స్ (ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ వెలుగు వచ్చే రంధ్రం, అంటే ఎపర్చర్, చిన్నదవుతుంది). వెనక్కి ఇచ్చి మార్చుకునే గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

1. దూరపు దృశ్యాలు తీస్తే కుడి పక్క దాదాపు మూడో వంతు మసకగా వస్తోంది. ఎడమ పక్క ఆకులు విడివిడిగా కనిపిస్తాయి, కుడి పక్కవి ముద్దగా ఉంటాయి. జూమ్ 18 (దృశ్యం వెడల్పుగా వచ్చే కొస) దగ్గర ఎక్కువ, 55 దగ్గర తక్కువ.

2. జూమ్ తిప్పుతుంటే అప్పుడప్పుడు లెన్స్ సరిగ్గా బిగించలేదని మెసేజ్ వచ్చి కెమెరా ఆగిపోతుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ పనిచేస్తుంది.

3. ఎఫ్/16లో ఆకాశం తీస్తే బూడిదరంగు చుక్కలు మూడు, ప్రతి ఫొటోలోనూ అదే చోట.

4. ఎఫ్/16లో ఫొటో మొత్తం మెత్తగా ఉంటోంది. ఎపర్చర్ మూసేకొద్దీ పదును పెరగాలి కదా?

సెట్టింగులన్నీ రీసెట్ చేశాను, కార్డు ఫార్మాట్ చేశాను, లెన్స్ తీసి చొక్కా అంచుతో కాంటాక్టులు (బాడీతో కలిపే లోహపు బిళ్లలు) తుడిచి మళ్లీ బిగించాను. లెన్స్ ముందు యూవీ ఫిల్టర్ ఉంది. చుక్కల కోసం సెన్సర్ తుడిచే స్వాబ్ తెప్పించాలనుకుంటున్నాను. బాడీ మార్చమనాలా, లెన్స్ మార్చమనాలా?

త్రిపాది:

ముందు స్వాబ్ సంగతి. వద్దండీ. మార్పిడి గడువులో ఉన్న కెమెరా సెన్సర్‌కి మీ చేతిలోది ఏదీ తగలకూడదు. గీత పడితే అది పెట్టెలోంచే వచ్చిందని ఎవరూ ఒప్పుకోరు. లెన్స్ బిగించే లోహపు రింగు (మౌంటు) మీద ఉన్న స్క్రూలు వదులుగా అనిపించినా మీరు బిగించొద్దు. స్క్రూ తలమీద చిన్న గీత కనబడినా విప్పి చూశారంటారు.

నాలుగింటికీ మూలం ఒకటే అనుకుని వెతికితే దారి తప్పుతారు. నాలుగోది అసలు లోపమే కాదు, అది డిఫ్రాక్షన్, అంటే సన్నటి రంధ్రంలోంచి వచ్చే వెలుగు పరుచుకోవడం. మీ సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మి.మీ., అడ్డంగా 6000 పిక్సెళ్లు. అంటే ఒక్కో పిక్సెల్ 3.9 మైక్రాన్లు. లెన్స్ ఎంత మంచిదైనా చుక్కంత వెలుగును చుక్కగా కాకుండా చిన్న బిళ్లలాగే సెన్సర్ మీద పడేస్తుంది. ఆ బిళ్ల అడ్డకొలత ఎఫ్/5.6లో 7.5 మైక్రాన్లు, ఎఫ్/8లో 11, ఎఫ్/16లో 21 పైచిలుకు. అంటే ఎఫ్/16లో ఒక్క బిందువు అయిదు పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. ఇలాంటి జూమ్‌లు ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య బాగా పనిచేస్తాయి. ఎఫ్/11 దాటించాల్సిన అవసరం అరుదు.

మొదటి, రెండో సమస్యలకు పరీక్షలు మొదలుపెట్టే ముందు కెమెరాని ఇలా సిద్ధం చేయండి. యూవీ ఫిల్టర్ తీసి పక్కన పెట్టండి. దాన్ని పెట్టుకుని తీసిన ఏ ఫొటో చూపించినా అవతలివాళ్లు మొదట దాన్నే తప్పుపడతారు. పైగా చౌక ఫిల్టర్లలో గాజు పూర్తి సమతలంగా ఉండకపోవచ్చు. ట్రైపాడ్ మీద పెట్టి లెన్స్ స్టెబిలైజేషన్ (చేతి అదురుని సరిదిద్దేది), బాడీలో ఉంటే అదీ, రెండూ ఆపేయండి. ఐఎస్ఓ (వెలుగుకి సున్నితత్వం) 100, రెండు సెకన్ల టైమర్, రా (కెమెరా దిద్దని ఫైలు), జేపెగ్ రెండూ. షట్టర్ సెట్టింగు ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (ఎక్స్‌పోజర్‌ని తెరతో కాకుండా సెన్సర్‌తోనే మొదలుపెట్టే పద్ధతి) మీద పెట్టండి. పూర్తి మెకానికల్ షట్టర్‌లో ఎక్స్‌పోజర్ మొదలయ్యే క్షణంలో తెర కొట్టుకునే అదురు కొన్ని బాడీల్లో 1/60 నుంచి 1/250 సెకను మధ్య ఫొటోని కాస్త చెదరగొడుతుంది. అది మసకలాగే కనిపిస్తుంది గానీ ఒక పక్కే రాదు, ఫ్రేమ్ అంతా వస్తుంది.

ఇక బాడీ ఒక్కదాన్నీ పరీక్షించండి. లెన్స్ లేకుండా షట్టర్ పనిచేయనిచ్చే సెట్టింగు మెనూలో ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, లెన్స్ తీసి, బాడీ మూత పెట్టి వేర్వేరు షట్టర్ స్పీడుల్లో ఓ 60 సార్లు నొక్కండి. ఫొటోలు నల్లగానే వస్తాయి, ఫరవాలేదు. ఎర్రర్ ఒక్కసారి కూడా రాకపోతే షట్టర్, బ్యాటరీ, కార్డు మీద అనుమానం చాలావరకు పోతుంది. ఆ పనిలో పనిగా బాడీకీ లెన్స్‌కీ కొత్త ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) ఉందేమో కూడా చూడండి.

రీలుకాలం:

ఒక పక్క మసక అంటే ఫోకస్ ముందుకో వెనక్కో పడుతోందేమో. మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఆటోఫోకస్ సవరణ) అని ఉంటుంది. ప్లస్ 20 నుంచి మైనస్ 20 వరకు జరిపి చూడండి, సరిపోవచ్చు.

వక్రకిరణం:

రీలుకాలం గారూ, అది అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్‌ల వైద్యం. వాటిలో ఫోకస్ కొలిచే సెన్సర్ వేరు, బొమ్మ పడే సెన్సర్ వేరు. అద్దం దగ్గర నుంచి ఆ రెండు దారుల పొడవులో తేడా వస్తే ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంది, ఆ తేడా దిద్దడానికే ఆ సెట్టింగు. మిర్రర్‌లెస్‌లో బొమ్మ పడే సెన్సర్ మీదే ఫోకస్ కొలుస్తారు కాబట్టి ఆ తేడాకి చోటు లేదు. పైగా ఫైన్ ట్యూన్ ఫోకస్ తలాన్ని (పదునుగా కనిపించే దూరాన్ని) మొత్తంగా జరుపుతుందే తప్ప ఒక పక్కని మాత్రమే జరపలేదు.

దూరపుకొండలు గారి లక్షణం లెన్స్‌లో ఏదో ఒక గాజు పక్కకు జరిగినట్టుగానో, వాలినట్టుగానో ఉంది. దాన్నే డీసెంటరింగ్ అంటారు. కానీ చెట్ల ఫొటో చూసి తేల్చకూడదు. కుడి పక్క చెట్లు దగ్గరగా ఉండొచ్చు, గాలికి కదిలి ఉండొచ్చు. ఇటుక గోడ పరీక్ష కూడా నాకు నచ్చదు. గోడకి కెమెరా సరిగ్గా ఎదురుగా నిలబెట్టడం చూసినంత సులువు కాదు. కాస్త వంకర ఉన్నా ఒక పక్క ఫోకస్ తప్పుతుంది, పాపం లెన్స్ మీద పడుతుంది.

దీనికి ఒకే వస్తువుని అయిదు చోట్ల పెట్టి చూడడం మేలు. కనీసం 200 మీటర్ల దూరంలో సన్నటి వివరాలున్న వస్తువు ఎంచుకోండి: సెల్ టవర్, అక్షరాలున్న బోర్డు, మేడ మీది యాంటెన్నా, ఏదైనా. ఎండ వేళ వద్దు. నేల మీంచి లేచే వేడిగాలి దూరపు గీతలన్నిటినీ అలలుగా కదిలిస్తుంది. తెల్లవారుజాము తర్వాతగానీ మబ్బు పట్టినప్పుడుగానీ తీయండి.

వస్తువు ఫ్రేమ్ మధ్యలో ఉండగా ఒక్క పాయింటుతో ఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్ ఫోకస్‌కి మార్చండి. మధ్యలో ఒక ఫొటో. తర్వాత ఫోకస్ ముట్టుకోకుండా ట్రైపాడ్ తల మాత్రమే తిప్పుతూ అదే వస్తువుని నాలుగు మూలలకీ తెచ్చి ఒక్కో ఫొటో. మరీ అంచుకి కాకుండా కాస్త లోపలికి ఉంచండి. 18, 35, 55 మూడు చోట్లా, పూర్తిగా తెరిచిన ఎపర్చర్‌లో ఒకసారి, ఎఫ్/8లో ఒకసారి. మొత్తం 30 ఫొటోలు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఇలాంటి లెన్స్‌లలో చాలావాటికి ఫోకస్ రింగు నేరుగా గాజుని కదపదు, మోటారుకి సంకేతం పంపుతుందంతే. కెమెరా నిద్రలోకి వెళ్లినా, జూమ్ మారినా ఫోకస్ కదులుతుంది. అందుకని ఆటో పవర్ ఆఫ్ తీసేయండి. జూమ్ మార్చిన ప్రతిసారీ మధ్యలో మళ్లీ ఫోకస్ చేసుకుని మొదలుపెట్టండి.

కంప్యూటర్లో 100 శాతం పెద్దది చేసి నాలుగు మూలల ముక్కలూ పక్కపక్కన పెట్టుకోండి. నాలుగూ ఒకేలా మెత్తగా ఉండి ఎఫ్/8లో బాగుపడితే అది ఈ తరగతి లెన్స్‌కి మామూలే. 18 దగ్గర జేపెగ్‌లో మూలలు ఇంకాస్త మెత్తగా ఉంటాయి, ఎందుకంటే వంపు సరిచేయడానికి కెమెరా ఆ మూలల్ని సాగదీస్తుంది. ఒక పక్క రెండు మూలలూ మిగతా రెంటికంటే స్పష్టంగా దిగజారి ఉండి ఎఫ్/8లో కూడా ఆ తేడా పోకపోతే మాత్రం లోపమే. చవక జూమ్‌లలో కొద్దిపాటి తేడా లేనిది దొరకదు. వెతికి పట్టుకుంటే తప్ప కనిపించనంత తేడాకి లెన్స్ మార్చమనడం వృథా శ్రమ. మామూలుగా చూసినప్పుడే కంటికి తగులుతోందంటున్నారు కాబట్టి మీది ఆ కోవలోది కాదనుకుంటా.

18లో ఎక్కువ, 55లో తక్కువ అన్నారు. దాన్నిబట్టి లెన్స్ తప్పు అని తేల్చేయకండి. 18 దగ్గర మీ లెన్స్ ఎఫ్/3.5, 55 దగ్గర ఎఫ్/5.6. సెన్సరో, మౌంటు రింగో వాలి ఉన్నా ఎపర్చర్ పెద్దగా ఉన్నచోటే ఎక్కువ బయటపడుతుంది. అందుకని మూడు ఫోకల్ లెంగ్త్‌లలోనూ (జూమ్ 18, 35, 55 దగ్గర) ఎఫ్/5.6 ఒక్కటే పెట్టి మరో వరస తీయండి. సెన్సర్ వాలితే అన్నిచోట్లా ఒకే పక్క, ఇంచుమించు ఒకే మోతాదులో మసక ఉంటుంది. జూమ్‌తో పాటు మసక పక్క మారితే, లేదా మోతాదు బాగా మారితే అది లెన్స్‌లోనిదే.

ఇంకొకటి. వస్తువు కుడి మూలలో ఉండగా స్క్రీన్ మీద అక్కడే పెద్దది చేసి మాన్యువల్‌గా మళ్లీ ఫోకస్ చేయండి. కుడి మూల పదునెక్కి, అదే ఫోకస్‌లో ఎడమ మూల చెడితే ఫోకస్ తలం వాలిందని అర్థం. ఎంత తిప్పినా కుడి మూల పదునెక్కకపోతే గాజు పక్కకు జరిగింది. అదే మౌంటుకి సరిపోయే ఇంకో లెన్స్ ఎక్కడైనా దొరికితే ఇవన్నీ అక్కర్లేదు, అది బిగించి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

దూరపుకొండలు:

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ మబ్బుగా ఉంది కాబట్టి అన్నీ చేశాను. ఫిల్టర్ తీసేశాను, మిగతా సెట్టింగులన్నీ చెప్పినట్టే.

ఎఫ్/5.6లో: 18 దగ్గర కుడి పక్క రెండు మూలలూ బాగా మసక. 35 దగ్గర కొంచెం. 55 దగ్గర కుడి పక్క ఫరవాలేదు గానీ ఎడమ పై మూల మిగతా మూడింటికంటే మెత్తగా ఉంది. ఎఫ్/8లో 18 దగ్గర తేడా తగ్గింది, పోలేదు. కుడి మూలలో మాన్యువల్‌గా ఎంత తిప్పినా పదునెక్కలేదు.

బాడీ ఒక్కటే 60 సార్లు నొక్కాను, ఎర్రర్ రాలేదు. లెన్స్ పెట్టి జూమ్ తిప్పితే దాదాపు 35 నుంచి 45 మధ్యే వస్తోంది. పాత ఫొటోల వివరాలు తిరగేస్తే రెండింట్లో ఎపర్చర్ ఎఫ్/0 అని ఉంది. ఇది దేనికి గుర్తు?

వక్రకిరణం:

మసక పక్క జూమ్‌తో మారింది. సెన్సర్‌కి జూమ్ ఎక్కడుందో తెలియదు కదా. ఇది లెన్సే.

రిబ్బన్‌కేబుల్:

ఎఫ్/0 అంటే ఆ ఫొటో తీసిన క్షణంలో లెన్స్ నుంచి బాడీకి సమాచారం అందలేదని. దానికి మూడు చోట్ల కారణం ఉండొచ్చు. బయట కాంటాక్టుల దగ్గర, లెన్స్ లోపలి రిబ్బన్ కేబుల్ దగ్గర, పట్టీ మీద రాసుకుంటూ జూమ్ ఎక్కడుందో చెప్పే బ్రష్ (చిన్న లోహపు కొస) దగ్గర. విప్పకుండానే వీటిని విడదీసి చూడొచ్చు.

కాంటాక్టులు మొదట. చొక్కా అంచు వద్దు, అందులో నూనె, నూలుపోగులు ఉంటాయి. కెమెరా ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి, లెన్స్ విప్పండి. కళ్లద్దాలు తుడిచే లాంటి పోగులు రాలని పొడి బట్టతో లెన్స్ వెనక ఉన్న బంగారు రంగు బిళ్లల్ని ఒకే దిశలో తుడవండి. మరక కదలకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బట్టకి ఒక చుక్క తగిలించి తుడిచి, ఆరాక బిగించండి. ద్రవం ఎప్పుడూ బట్ట మీదే, లెన్స్ మీద కాదు. బాడీ లోపలికైతే అస్సలు వద్దు. పెన్సిల్ రబ్బరుతో రుద్దమని కొందరు సలహా ఇస్తారు. దాని పొడి బాడీలోకి రాలుతుంది, పూత కూడా అరుగుతుంది.

బాడీ వైపు పిన్నులు స్ప్రింగు మీద ఉంటాయి. వాటిని ముట్టుకోకుండా పక్క నుంచి టార్చి వేసి చూడండి. అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి లోపలికి దిగిపోయి ఉంటే తప్పు బాడీది. ఇది చూడకుండా లెన్స్ మాత్రమే మార్చుకుంటే కొత్త లెన్స్‌తోనూ ఇదే కథ.

తర్వాత లెన్స్ బిగించి, ఆన్ చేసి, జూమ్‌ని 24 దగ్గర ఉంచి, లెన్స్ మొదలు పట్టుకుని అటూ ఇటూ మెల్లగా తిప్పండి. లాక్ పిన్ను దగ్గర వెంట్రుకవాసి వదులు ఉండటం సహజం, కంగారు పడొద్దు. ఆ కదలికకి ఎర్రర్ వస్తే కాంటాక్టులో, మౌంటులో. కదలికకి రాకుండా జూమ్ ఒక చోటికి వచ్చినప్పుడే వస్తే లోపలే.

లోపల ఏముంటుందంటే, ఎపర్చర్ రెక్కల్ని నడిపే చిన్న మోటారు గాజులతో పాటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దాన్ని లెన్స్ వెనక ఉన్న సర్క్యూట్ బోర్డుకి కలిపేది పల్చటి రిబ్బన్ కేబుల్. జూమ్ తిప్పిన ప్రతిసారీ అది ఒకే చోట మడత పడి విప్పుకుంటుంది. ఏళ్ల తరబడి వాడిన జూమ్‌లలో అది ఆ మడత దగ్గర తెగుతుంది, ఎర్రర్ ఎప్పుడూ ఒక ఫోకల్ లెంగ్త్ పరిధిలోనే వస్తుంది. మీది కొత్తది కాబట్టి అలసి తెగి ఉండదు. కేబుల్ చివర సాకెట్లో పూర్తిగా కూర్చోకపోవడమో, బిగించేటప్పుడు తప్పు మడత పడటమో అయ్యుండాలి.

ఎపర్చర్ తీగదా కాదా తేల్చడానికి: జూమ్ 40 దగ్గర ఉంచి, పూర్తిగా తెరిచిన ఎపర్చర్‌లో 20 ఫొటోలు, ఎఫ్/11లో 20 ఫొటోలు తీయండి. మొదటి 20 బాగుండి రెండో వరసలో ఎర్రర్లు వస్తే ఎపర్చర్ మోటారో, దాని కేబులో. రెండింట్లోనూ వస్తే అంతకంటే ముందే సమాచారం తెగుతోంది. ఇంకో వరసలో జూమ్‌ని 30 నుంచి 50 దాకా కొంచెం కొంచెంగా జరుపుతూ ఒక్కో చోట ఒక్కో ఫొటో తీసి, ఫొటో వివరాల్లో ఫోకల్ లెంగ్త్ అంకెలు వరసగా పెరుగుతున్నాయో లేదో చూడండి. 34 తర్వాత ఒక్కసారిగా 46కి దూకినా, మధ్యలో వెనక్కి వెళ్లినా జూమ్ బ్రష్ తన పట్టీ మీద సరిగ్గా ఆనడం లేదు.

ఎటు తేలినా మీరు చేయగలిగిన మరమ్మతు ఏమీ లేదు. తేల్చుకోవడం ఎందుకంటే "కాంటాక్టులు తుడుచుకోండి చాలు" అని వెనక్కి పంపకుండా ఉండటానికి.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. గాజు జరగడం, లోపలి కనెక్షన్ వదులవడం రెండూ ఒకే లెన్స్‌లో ఉన్నాయంటే దారిలో పెట్టె కింద పడిందేమోనని నా అనుమానం. పెట్టె మూలలు నలిగి ఉన్నాయేమో చూసి, ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి.

గాలిబుడ్డి:

మూడో సమస్యని అందరూ వదిలేశారు. ఎఫ్/16లో కనిపించి ఎఫ్/4లో మాయమయ్యే చుక్కలు సెన్సర్ మీది దుమ్మే. దుమ్ము వాలేది పిక్సెళ్ల మీద కాదు, వాటిపైన ఉండే గాజు పలక మీద. ఎపర్చర్ చిన్నదైతే వెలుగు సన్నటి కట్టగా వచ్చి దుమ్ము నీడని గీసినట్టు వేస్తుంది. పెద్దదైతే వెలుగు అన్ని కోణాల నుంచీ వచ్చి ఆ నీడని కరిగించేస్తుంది. లెన్స్ ముందు గాజు మీద దుమ్ము ఇలా చుక్కలుగా కనబడదు.

ఖాయం చేసుకోవాలంటే తెల్ల గోడకి దగ్గరగా నిలబడి, ఫోకస్ అనంతం మీద పెట్టి, ఎఫ్/16, ఐఎస్ఓ 100, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు) పెంచి, షట్టర్ అర సెకను దాకా తెరిచి ఉండగా కెమెరాని చేత్తో కాస్త ఊపండి. గోడ మీది మరకలు చెరిగిపోతాయి, దుమ్ము చుక్కలు కదలకుండా ఉంటాయి. కంప్యూటర్లో కాంట్రాస్ట్ పెంచితే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. చూసి బెంబేలెత్తకండి, పెట్టెలోంచి తీసిన బాడీలో కూడా రెండు మూడు ఉంటాయి.

శుభ్రం చేయడానికి మెనూలో సెన్సర్ క్లీనింగ్ నాలుగైదు సార్లు నడపండి, పలకని వేగంగా అదిరించి దులుపుతుంది. అప్పటికీ పోకపోతే కెమెరా ఆఫ్ చేసి, లెన్స్ విప్పి, బాడీ నోరు కిందికి ఉండేలా పట్టుకుని, రబ్బరు బ్లోయర్‌తో నాలుగు సార్లు గాలి కొట్టండి. బ్లోయర్ ముక్కు లోపలికి దూర్చొద్దు. నోటితో ఊదితే తుంపర పడుతుంది. డబ్బాలో వచ్చే గాలి అంతకంటే ప్రమాదం, దానిలోని ద్రవం చల్లగా చిమ్మి మరకలు కడుతుంది.

చుక్క ఎక్కడుందో వెతకాలంటే: ఫొటోలో పైన ఉన్నది సెన్సర్ మీద కింద ఉంటుంది. కుడి ఎడమలు మాత్రం మీరు ఎదురుగా చూస్తున్నప్పుడు మారవు. దీన్ని తిరగేసి అర్థం చేసుకుని చాలామంది తప్పు మూలలో గాలి కొడుతుంటారు.

దుమ్ము కారణంగా బాడీ మార్చమని అడగొద్దు. అసలు ఫిర్యాదు పలచబడిపోతుంది.

దూరపుకొండలు:

పిన్నులన్నీ సమానంగా ఉన్నాయి. తిప్పి చూస్తే ఎర్రర్ రాలేదు. 40 దగ్గర పూర్తిగా తెరిచి 20 తీస్తే ఒక్కటీ పోలేదు, ఎఫ్/11లో 20కి 6 సార్లు ఆగింది. ఫోకల్ లెంగ్త్ అంకెలు వరసగానే ఉన్నాయి. బ్లోయర్‌తో రెండు చుక్కలు పోయాయి, ఒకటి మిగిలింది.

మార్పిడికి ఏమేం ఇవ్వాలి? లెన్స్ మాత్రమే అడగనా? ఇచ్చేముందు ఫర్మ్‌వేర్ పెట్టేయనా?

త్రిపాది:

ఎఫ్/11లో 20కి 6, తెరిచి 20కి 0. ఇంతకంటే స్పష్టమైన లెక్క ఉండదు. ఫిర్యాదు ఆ వాక్యంతోనే మొదలుపెట్టండి. "ఫొటోలు బాగా రావట్లేదు" అని రాస్తే సెట్టింగులు మార్చుకోమని జవాబు వస్తుంది.

ఇవ్వాల్సినవి: 18 దగ్గర ఎఫ్/8లో తీసిన అయిదు ఫొటోలు, 55 దగ్గర అయిదు. కోయకుండా, దిద్దకుండా కెమెరా ఇచ్చిన ఫైళ్లే ఇవ్వండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపితే కుదించేస్తుంది, తీసినప్పటి వివరాలూ పోతాయి. ఫైలుగా పంపండి. ఎర్రర్ వస్తుండగా ఇంకో ఫోన్‌తో ఓ నిమిషం వీడియో తీయండి. అందులో జూమ్ రింగు మీది అంకె, స్క్రీన్ మీద ఎపర్చర్ విలువ, లెన్స్ సీరియల్ నంబర్ మూడూ కనిపించాలి. ఎఫ్/0 పడిన రెండు ఫైళ్లూ జతచేయండి.

బిల్లులో బాడీ, లెన్స్ ఒకే సెట్టుగా ఉంటే మొత్తం సెట్టు మార్చమనే అడగండి. లెన్స్ ఒక్కటీ విడిగా మార్చితే దాని సీరియల్ నంబర్ బిల్లు మీద, వారంటీ కార్డు మీద రాయించుకోవాలి. లేకపోతే రేపు అదే లెన్స్‌కి వారంటీ అడిగితే నంబర్లు కలవవు. సర్వీసు సెంటర్లో బాగుచేయిస్తామంటే గడువు లోపల ఒప్పుకోకండి. కేబుల్ సరిచేయడం సులువే. డీసెంటర్ అయిన గాజుని మళ్లీ నడిమికి తేవడానికి మాత్రం కొలిచే పరికరాలు కావాలి, అలా తెచ్చినది కొత్తదానంత కుదరొచ్చు, కుదరకపోవచ్చు. గడువు దాటితే మరమ్మతు తప్ప వేరే దారి ఉండదు, అందుకని రేపే ఇవ్వండి.

కొత్తది వచ్చాక పెట్టె తెరిచిన రోజే 18, 35, 55లో అయిదేసి ఫొటోలు, 40 దగ్గర ఎఫ్/11లో 20 ఫొటోలు. అరగంట పని. అది ఎవరో వాడి తిరిగిచ్చినది కాదని తేల్చుకోవడానికి, మౌంటు రింగు మీద బిగించి తీసిన గీతలు ఉన్నాయా, మొదటి ఫొటో ఫైలు నంబరు 0001 దగ్గర మొదలవుతోందా అనేవి కూడా చూడండి. ఫైలు నంబరు రీసెట్ చేస్తే మారేదే కాబట్టి అదొక్కటే నమ్మొద్దు.

రిబ్బన్‌కేబుల్:

ఫర్మ్‌వేర్ గురించి పైన త్రిపాది గారు చెప్పినదానికి చిన్న సవరణ. ఈ లెన్స్‌కి మాత్రం పెట్టకండి. లెన్స్ ఫర్మ్‌వేర్ కూడా ఆ కాంటాక్టుల గుండానే వెళ్తుంది. మధ్యలో సంబంధం తెగితే లెన్స్ పూర్తిగా మూగబోతుంది, అప్పుడు చూపించడానికి ఎర్రర్ కూడా మిగలదు. వెర్షన్ నంబర్లు మెనూలో చూసి ఫొటో తీసి పెట్టుకోండి, అంతే. బాడీకి పెట్టాలని తప్పదనిపిస్తే బ్యాటరీ నిండా ఎక్కించి, లెన్స్ విప్పి మూత పెట్టి చేయండి. సెట్టు మొత్తం మారుస్తుంటే అదీ అనవసరం.

దూరపుకొండలు:

సరేనండీ, లెన్స్‌ని ముట్టుకోను. వీడియో ఇవాళ రాత్రికే తీస్తాను. గదిలో ఎల్ఈడీ లైట్ల కింద స్క్రీన్ మీద అడ్డపట్టీలు పాకుతున్నాయి, వీడియోలో అవి కనిపిస్తే అదీ లోపమే అంటారా?

త్రిపాది:

కాదు. లైటు మిణుకుతుంటే సెన్సర్ వరసల్ని ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది కాబట్టి పట్టీలు పడతాయి. 50 హెర్ట్జ్ కరెంటులో లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, చాలావరకు పోతాయి. కొన్ని ఎల్ఈడీలు ఇంకా వేగంగా మిణుకుతాయి, వాటికి ఈ లెక్క పనిచేయదు. మీ వీడియోకి అదంతా ఎందుకు, రేపు ఉదయం కిటికీ దగ్గర పగటి వెలుగులో తీయండి.